సమానమైతే గాల్లోనే ఆగిపోవాలి కదా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ఖమ్మం. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. నేను బీకామ్ చదివాను, ఫిజిక్స్ టెన్త్‌తోనే వదిలేశాను. చరమ వేగం దగ్గర మా అమ్మాయి ఆగిపోయింది. తన డౌట్లు రెండు. కింద పడే వస్తువును బరువు కిందికి లాగుతుంది, గాలి పైకి నెడుతుంది, రెండూ సమానమయ్యాక వస్తువు ఒకే వేగంతో పడుతుందని పుస్తకంలో ఉంది. సమానమైతే గాల్లోనే ఆగిపోవాలి కదా, ఇంకా ఎందుకు పడుతుంది అంటోంది. రెండోది, బరువున్నవీ లేనివీ ఒకేసారి నేలకు చేరతాయని తొమ్మిదో తరగతిలో చెప్పారు. ఇప్పుడేమో బరువు ఎక్కువైతే చరమ వేగం ఎక్కువ అంటున్నారు. ఏది నిజం? లెక్చరర్‌ని అడిగితే "అవన్నీ నీకెందుకు, ఫార్ములా నేర్చుకో, ఎంసెట్‌లో బిట్ చేస్తే చాలు" అన్నారట. ఇంటికొచ్చి నన్ను అడుగుతోంది. నేనేం చెప్పాలి? ఇలా ప్రతిదాని దగ్గరా ఆగిపోతే సిలబస్ వెనకబడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

అమ్మా,

మీ అమ్మాయి అడిగిన రెండు ప్రశ్నలూ మంచివి. మొదటిదైతే చాలా మంచిది. ఈ పాఠంలో అసలు కష్టమంతా ఆ ఒక్క చోటే ఉంది. ఫార్ములా ఎవరైనా కంఠతా పట్టేస్తారు. "సమానమైతే ఆగాలి కదా" అని అడగాలంటే మాత్రం చదివింది బుర్రలో తిరుగుతూ ఉండాలి. ఈ జవాబు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి. టెన్త్ వరకు ఫిజిక్స్ చదివారు కాబట్టి ఇందులో మీకు అందనిది ఏమీ ఉండదు.

తన ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది. వస్తువు కదులుతోందంటే ఏదో ఒక బలం దాన్ని కదుపుతూనే ఉండాలి, బలం పోతే కదలిక కూడా పోతుంది అని. ఇది మనందరిలోనూ ఉంటుంది. బల్లను నెట్టినంతసేపు జరుగుతుంది, చెయ్యి తీయగానే ఆగుతుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నది అదే మరి. గ్రీసు దేశపు అరిస్టాటిల్ కూడా అలాగే అనుకున్నాడు, ఆయన మాట దాదాపు రెండు వేల ఏళ్లు చెల్లింది. గెలీలియో దాన్ని కదిలించాడు, 1687లో న్యూటన్ సూత్రాలు వచ్చాక అది నిలవలేదు. చెయ్యి తీసినప్పుడు బల్లను ఆపుతున్నది నేల ఘర్షణ. అదీ ఒక బలమే, వెనక్కి లాగే బలం. ఏ బలమూ లేకపోయినా, ఉన్న బలాలన్నీ ఒకదానికొకటి సరిపోయినా, వస్తువు ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. నిలబడి ఉంటే నిలబడే ఉంటుంది. కదులుతూ ఉంటే అదే వేగంతో అదే దిశలో పోతూనే ఉంటుంది.

అంటే బలం చేసే పని వేగాన్ని మార్చడం. పెంచుతుంది, తగ్గిస్తుంది, లేదా దిశ తిప్పుతుంది. ఈ ఒక్క మాట పట్టుకుని తన ప్రశ్నను మళ్లీ చూడమనండి. పడుతున్న వస్తువు ఆగాలంటే దాని వేగం తగ్గాలి. వేగం తగ్గాలంటే పైకి నెట్టే బలం బరువు కన్నా ఎక్కువ కావాలి. రెండూ సమానంగా ఉన్నప్పుడు ఆ ఎక్కువ ఎక్కడి నుంచి వస్తుంది? రాదు. కాబట్టి వేగం తగ్గదు. అలాగే పెరగదు కూడా, ఎందుకంటే కిందికి లాగే బలమూ అదనంగా లేదు. ఆ క్షణానికి ఎంత వేగం ఉందో అంతే వేగంతో నేల వరకు వస్తుంది.

ఇంకో వైపు నుంచి కూడా చూడొచ్చు. నాకు ఇదే ఎక్కువ ఇష్టం. సరే, ఆగిపోయిందనే అనుకుందాం. గాలి ఎందుకు నెడుతోంది? వస్తువు గాలిని చీల్చుకుంటూ పోతోంది కాబట్టి. ఆగిపోయిన వస్తువు గాలిని చీల్చదు, కాబట్టి ఆ నెట్టుడు సున్నా అయిపోతుంది. బరువు మాత్రం ఎక్కడికీ పోదు. అప్పుడు బరువు ఒక్కటే మిగిలి వస్తువు మళ్లీ పడటం మొదలుపెడుతుంది. అంటే గాల్లో ఆగిన క్షణంలో బలాలు సమానంగా ఉండనే ఉండవు. అవి సమానంగా ఉండాలంటే వస్తువు కదులుతూనే ఉండాలి, అదీ ఒక ప్రత్యేకమైన వేగంతో. ఆ వేగానికే చరమ వేగం అని పేరు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. విమానంలోంచి దూకే స్కైడైవర్‌ను తీసుకోండి. పారాచూట్ సంచీతో కలిపి 80 కిలోలు అనుకుంటే అతని బరువు సుమారు 780 న్యూటన్లు. దూకిన మొదటి క్షణంలో కిందికి వేగం లేదు, గాలి పైకి నెట్టడమూ లేదు. వేగం సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరగడం మొదలవుతుంది. అయితే వేగం పెరిగే కొద్దీ గాలి గట్టిగా ఎదురుతిరుగుతుంది. ఎంత గట్టిగా అంటే, వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లు. ఈ నాలుగు ఎందుకో కూడా తనకు చెప్పండి. రెట్టింపు వేగంతో పోతే ఒక్క సెకనులో తగిలే గాలి రెట్టింపు. ఆ గాలిని పక్కకు నెట్టాల్సిన వేగమూ రెట్టింపు. రెండు రెళ్లు నాలుగు.

పొట్ట నేలకేసి, చేతులు కాళ్లు చాపి పడే మనిషి చరమ వేగం సెకనుకు దాదాపు 55 మీటర్లు, అంటే గంటకు 200 కిలోమీటర్లు. అతని వేగం అందులో సగానికి, సెకనుకు 27 మీటర్ల దగ్గరికి చేరడానికి మూడు సెకన్లు పడుతుంది. అప్పటికి గాలి నిరోధం బరువులో నాలుగో వంతు మాత్రమే, 195 న్యూటన్లు. ఇంకా 585 న్యూటన్లు కిందికి మిగిలి ఉన్నాయి కాబట్టి వేగం పెరుగుతూనే ఉంటుంది, కాకపోతే త్వరణం 7.3కి తగ్గింది. ఆరో సెకనుకు వేగం 43 దాకా వస్తుంది. పదో సెకనుకు 52. గాలే లేకపోతే పదో సెకనుకు 98 ఉండాల్సింది. ఆ తర్వాత వేగం పెరగడం కంటికి కనిపించనంత తక్కువ. గణితం ప్రకారం కచ్చితంగా 55ను ఎప్పటికీ అందుకోదు, దగ్గరగా జరుగుతూనే ఉంటుంది. వేగం, కాలం గ్రాఫ్‌లో గీత మొదట ఏటవాలుగా లేచి, పోనుపోను వంగి, చివరికి అడ్డంగా పడుకున్నట్టు ఎందుకుంటుందో తనకు ఇప్పుడు అర్థమవుతుంది. గ్రాఫ్‌ను కంఠతా పట్టకుండా ఈ నాలుగు అంకెల నుంచి తననే గీయమనండి.

చాలామంది పిల్లలు ఇక్కడ త్వరణం తగ్గుతోందంటే వేగం తగ్గుతోందని పొరపడతారు. తను ఆ గోతిలో పడకుండా చూడండి. మూడో సెకను దగ్గర త్వరణం తగ్గింది, వేగం పెరుగుతూనే ఉంది. త్వరణం అంటే వేగం ఎంత జోరుగా మారుతోందనే లెక్క. జోరు తగ్గినా పెరుగుదల పెరుగుదలే.

ఇదంతా ఎక్కడో ఆకాశంలో జరిగే వింతలా అనిపిస్తే మీ స్కూటీని గుర్తు చేసుకోండి. సమతలంగా ఉన్న రోడ్డు మీద యాక్సిలరేటర్ ఒకే చోట పట్టి ఉంచారు. బండి వేగం పెరుగుతూ పోయి, కాసేపటికి ఏ యాభై దగ్గరో స్థిరపడుతుంది. ఇంజిన్ ఆగలేదు, ముందుకు తోస్తూనే ఉంది. ఎదురుగాలి, టైర్ల ఘర్షణ కలిసి సరిగ్గా అంతే బలంతో వెనక్కి పట్టుకున్నాయి. రెండూ సమానమయ్యాయి కదా అని బండి నడిరోడ్డు మీద ఆగిపోతుందని మనం ఎవరమూ అనుకోం. దిశ అడ్డంగా ఉన్నప్పుడు మనసు ఒప్పుకున్న మాటనే నిలువుగా ఉన్నప్పుడు కూడా ఒప్పించాలి. అంతకు మించి తేడా లేదు.

పారాచూట్ తెరుచుకునే క్షణం ఇంకా బాగుంటుంది. 55 మీటర్ల వేగంతో పడుతున్నవాడికి ఒక్కసారిగా పైన పెద్ద గొడుగు విచ్చుకుంది. గాలిని అడ్డుకునే విస్తీర్ణం ఎన్నో రెట్లు పెరిగింది, నిరోధం బరువును దాటిపోయింది. ఇప్పుడు ఫలిత బలం, అంటే బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోగా మిగిలేది, పైకి ఉంది. మరి మనిషి పైకి పోతాడా? పోడు. కిందికే వస్తుంటాడు, కాకపోతే వేగం గబగబా తగ్గుతుంది. వీడియోల్లో పారాచూట్ విప్పినవాడు పైకి ఎగిరినట్టు కనిపిస్తాడు. వీడియో తీస్తున్నవాడు ఇంకా పాత వేగంతోనే కిందికి పోతుండటం వల్ల అలా కనిపిస్తుంది. వేగం తగ్గే కొద్దీ నిరోధమూ తగ్గి, సెకనుకు ఐదారు మీటర్ల దగ్గర మళ్లీ బరువుతో సమానమవుతుంది. కొత్త చరమ వేగం అదే. కాబట్టి చరమ వేగానికి వస్తువు కింది నుంచీ రావచ్చు, పై నుంచీ రావచ్చు. తక్కువ వేగంతో ఉంటే పెరిగి వస్తుంది, ఎక్కువ వేగంతో ఉంటే తగ్గి వస్తుంది. ఫలిత బలం ఏ వైపు ఉంటే వస్తువు ఆ వైపే కదలాలన్న భ్రమ తన మనసులో ఇంకా ఏ మూలనైనా మిగిలి ఉంటే, ఈ పారాచూట్ దాన్ని తీసేస్తుంది.

ఇక రెండో ప్రశ్న. తొమ్మిదో తరగతిలో చెప్పిందీ నిజమే, ఇప్పుడు చెప్పిందీ నిజమే. మొదటిది గాలి లేని చోట. రెండోది గాలిలో. పుస్తకాల్లో "గాలి నిరోధాన్ని ఉపేక్షిస్తే" అనే మాట ఉంటుంది. పరీక్షల హడావుడిలో అందరూ దాటేసి చదివే మాట అది, కానీ మొత్తం తేడా అందులోనే ఉంది.

గాలి లేకపోతే ఏం జరుగుతుందో చంద్రుడి మీద చేసి చూపించారు. 1971 ఆగస్టు 2న అపోలో 15 కమాండర్ డేవిడ్ స్కాట్ ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో డేగ ఈక పట్టుకుని ఒకేసారి వదిలేశాడు. సుత్తి 1.3 కిలోలు, ఈక 30 గ్రాములు. రెండూ కలిసి నేలను తాకాయి. ఆ వీడియో ఇంటర్నెట్‌లో తేలిగ్గా దొరుకుతుంది, తప్పకుండా చూపించండి. అక్కడ ఎందుకు ఒకేసారి పడ్డాయంటే, సుత్తిని లాగే బలం ఈకను లాగే బలం కన్నా ఎన్ని రెట్లు ఎక్కువో, సుత్తిని కదిలించడానికి కావాల్సిన బలమూ అన్ని రెట్లు ఎక్కువ. రెండూ సరిగ్గా కొట్టేసుకుంటాయి.

గాలి వచ్చి చేరగానే ఈ సరిపోలిక చెడుతుంది. గాలి నిరోధం వస్తువు ద్రవ్యరాశిని చూడదు. ఆకారం, అడ్డుకొలత (గాలికి ఎదురయ్యే విస్తీర్ణం), వేగం, గాలి సాంద్రత, ఇవే దానికి కావాలి. ఒకే సైజులో రెండు బంతులు ఉన్నాయనుకోండి, ఒకటి రెండోదాని కన్నా నాలుగు రెట్లు బరువు. ఒకే వేగం దగ్గర రెండింటి మీదా నిరోధం ఒకటే. తేలిక బంతికి అది త్వరగానే సరిపోతుంది. బరువు బంతికి నాలుగు రెట్లు నిరోధం కావాలి, అంటే రెట్టింపు వేగం అందుకోవాలి. అందుకే దాని చరమ వేగం రెట్టింపు. గురుత్వాకర్షణ దాన్ని ప్రత్యేకంగా వేగంగా లాగడం లేదు, గాలి నిరోధం దాని బరువుతో సమానం కావడానికి ఎక్కువసేపు పడుతోంది, అంతే.

మేడ మీద నుంచి చిన్న రాయి, పెద్ద రాయి వదిలితే దాదాపు ఒకేసారి ఎందుకు పడతాయని తను అడగొచ్చు. రెండంతస్తుల ఎత్తు, ఆరు మీటర్లు అనుకుంటే, పడటానికి సెకను పైన కాస్త పడుతుంది. నేలను తాకే వేగం సెకనుకు 11 మీటర్లు దాటదు. రాళ్ల చరమ వేగం అంతకన్నా చాలా ఎక్కువ. గాలి ప్రభావం లెక్కకు వచ్చేలోపే నేల వచ్చేసింది. అదే ఎత్తు నుంచి టేబుల్ టెన్నిస్ బంతి వదిలితే వెనకబడటం తెలుస్తుంది, దాని చరమ వేగం సెకనుకు తొమ్మిది మీటర్ల లోపే.

వాన గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఈ పాఠం మన నెత్తిన పడేది అక్కడే. రెండు కిలోమీటర్ల ఎత్తులో ఉన్న మేఘం నుంచి చినుకు బయల్దేరింది. గాలి లేకపోతే నేలకు చేరేసరికి దాని వేగం సెకనుకు 198 మీటర్లు, గంటకు 700 కిలోమీటర్ల పైనే. వానలో తడవడం మాట అటుంచి, బయటికి రావడానికే భయపడాల్సి వచ్చేది. నిజంగా 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు ఆరున్నర మీటర్ల వేగంతో పడుతుంది. 5 మిల్లీమీటర్ల పెద్ద చినుకైనా సెకనుకు 9 మీటర్లు, అంటే గంటకు 33 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. చినుకు పెద్దదయ్యే కొద్దీ బరువు వ్యాసానికి ఘనంగా పెరుగుతుంది, అడ్డుకొలత వర్గంగా పెరుగుతుంది. బరువే ముందుంటుంది కాబట్టి పెద్ద చినుకు వేగంగా పడుతుంది. మరి ఇంకా పెద్ద చినుకులు ఇంకా వేగంగా రావాలి కదా? రావు. పెద్ద చినుకును కింది నుంచి గాలి నొక్కి చపటగా చేస్తుంది. ఐదారు మిల్లీమీటర్లు దాటితే అది నిలవలేక చిట్లి చిన్న చినుకులైపోతుంది. వాన వేగానికి అలా ఒక హద్దు ఏర్పడింది. వడగళ్లకు ఆ హద్దు లేదు. గట్టి మంచు కాబట్టి చిట్లవు, సైజు పెరిగే కొద్దీ వేగమూ పెరుగుతుంది. ఎండాకాలం మొదట్లో వడగళ్ల వాన పడితే మామిడి తోటలు ఎందుకంత దెబ్బతింటాయో మీ జిల్లా వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

చిన్న వైపుకు వెళ్తే మేఘంలోని నీటి బిందువు ఉంది. వ్యాసం మిల్లీమీటరులో యాభయ్యో వంతు. దాని చరమ వేగం సెకనుకు సెంటీమీటరు పైన కొద్దిగా. మేఘాలు పడిపోకుండా ఎలా నిలుస్తాయని పిల్లలు అడుగుతుంటారు. ఆ బిందువులు పడుతూనే ఉంటాయి, కానీ ఎంత నెమ్మదిగా అంటే, కింది నుంచి లేచే కొద్దిపాటి వెచ్చని గాలి చాలు వాటిని పైనే ఉంచడానికి.

ఈ బిందువు దగ్గర మీ అమ్మాయికి పరీక్షలోనూ పనికొచ్చే ఒక హెచ్చరిక చెప్పాలి. ఇంటర్ పుస్తకంలో ఉన్న ఫార్ములా స్టోక్స్ సూత్రం నుంచి వచ్చింది. జార్జ్ స్టోక్స్ 1851లో చెప్పినది. అందులో నిరోధం వేగానికి అనులోమానుపాతంలో ఉంటుంది, అంటే వేగం రెట్టింపైతే నిరోధం రెట్టింపే, నాలుగు రెట్లు కాదు. చాలా చిన్న గోళాలకు, లేదా చిక్కటి ద్రవంలో నెమ్మదిగా పడే గోళాలకు అది వర్తిస్తుంది. అక్కడ ప్రవాహం పొరలు పొరలుగా జారుతుంది, స్నిగ్ధతదే, అంటే జిగటదనానిదే పెత్తనం. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి పుస్తకంలో నూనెలో పడే రాగి గోళం లెక్క ఉంది. వ్యాసార్థం 2 మిల్లీమీటర్లు, చరమ వేగం సెకనుకు 6.5 సెంటీమీటర్లు, నూనె స్నిగ్ధత కనుక్కోమంటారు. అక్కడ ఆ ఫార్ములా చక్కగా పనిచేస్తుంది. మేఘంలోని బిందువుకూ పనిచేస్తుంది. కానీ అదే ఫార్ములాను 1 మిల్లీమీటరు వ్యాసార్థం ఉన్న వానచినుకుకు వేసి చూడమనండి. సెకనుకు 120 మీటర్లు అని వస్తుంది. నిజంగా పడేది ఆరున్నరతో. చినుకు వెనక గాలి సుడులు తిరుగుతుంది కాబట్టి అక్కడ వర్గం లెక్కే (వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లు) నడుస్తుంది, స్టోక్స్ లెక్క నడవదు. ఫార్ములా ఎక్కడ చెల్లుతుందో తెలియకుండా నేర్పితే పిల్లలు ఇలాంటి జవాబు రాసి కూడా అనుమానపడరు. నాకు బాధ కలిగించేది అదే. మీ అమ్మాయి అనుమానపడే రకం. ఆ గుణాన్ని దయచేసి కాపాడండి.

ఇంకొకటి. ద్రవంలో మూడో బలం కూడా ఉంటుంది, ఉత్ప్లవన బలం, అంటే మునిగిన వస్తువును ద్రవం పైకి నెట్టే బలం. గాలిలో పడే మనిషికి అది ఒక న్యూటన్ దగ్గరే, వదిలేసినా నష్టం లేదు. నూనెలో పడే గోళానికి మాత్రం వదిలేస్తే జవాబు తప్పుతుంది. ఫార్ములాలో గోళం సాంద్రత నుంచి ద్రవం సాంద్రతను తీసేయడం అందుకే.

చరమ వేగం వస్తువుకు పుట్టుకతో వచ్చిన అంకె కాదని చెప్పడానికి ఒక మనిషి కథ చాలు. 2012 అక్టోబర్ 14న ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ అనే స్కైడైవర్ దాదాపు 39 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకాడు. అక్కడి గాలి సాంద్రత నేల దగ్గరి గాలిలో 200వ వంతు కూడా ఉండదు. ఆపేవాళ్లు లేక అతని వేగం గంటకు 1357 కిలోమీటర్లకు చేరింది, ధ్వని వేగాన్నే దాటాడు. తర్వాత కిందికి వచ్చే కొద్దీ గాలి చిక్కబడి, పారాచూట్ ఇంకా విప్పకముందే వేగం తగ్గుతూ వచ్చింది. అదే మనిషి, అదే బరువు. గాలి మారింది, సమానమయ్యే వేగమూ మారింది.

చదివింది చాలు, ఇప్పుడు చేతులతో చేయండి. ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది. బేకరీ సామాన్లు అమ్మే షాపులో కప్ కేక్ కింద పెట్టే మడతల కాగితం కప్పులు దొరుకుతాయి. ఫ్యాన్ ఆపేయండి. ఒక కప్పును మీటరు ఎత్తులో మీరు పట్టుకోండి. నాలుగు కప్పులు ఒకదాంట్లో ఒకటి దూర్చి రెండు మీటర్ల ఎత్తులో తను పట్టుకోవాలి, స్టూలు ఎక్కాల్సి వస్తుంది. ఒకేసారి వదలండి. రెట్టింపు దూరం నుంచి వచ్చిన నాలుగు కప్పుల దొంతర, ఒంటరి కప్పు దాదాపు కలిసే నేలను తాకుతాయి. నాలుగు రెట్ల బరువుకు రెట్టింపు వేగం అని పైన చెప్పిన లెక్క అదే. రెండు కప్పులతోనూ తొమ్మిది కప్పులతోనూ ఎంతెంత ఎత్తు పెట్టాలో ముందుగా తననే లెక్క వేసి చెప్పమనండి, ఆ తర్వాతే వదలండి.

స్టోక్స్ సూత్రానికైతే ఆముదం బాగా కుదురుతుంది. పొడుగాటి గాజు గ్లాసులో ఆముదం నింపండి. గ్లాసుకు సమాన దూరాల్లో మూడు రబ్బరు బ్యాండ్లు వేయండి. సైకిల్ షాపులో అడిగితే బేరింగ్‌లో వేసే అతి చిన్న స్టీలు గుండ్లు ఇస్తారు. ఒకటి నెమ్మదిగా వదిలి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. మొదటి బ్యాండు నుంచి రెండోదానికి, రెండో బ్యాండు నుంచి మూడోదానికి ఒకే సమయం పడుతుంది. అంటే గుండు మొదటి బ్యాండు దగ్గరికి వచ్చేలోపే చరమ వేగం అందుకుంది. నిజానికి నూనెలో దిగిన మరుక్షణమే అందుకుంటుంది. తర్వాత ఆముదాన్ని గ్లాసుతో సహా వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచి మళ్లీ చేయండి. గుండు జోరుగా పోతుంది, వేడికి స్నిగ్ధత తగ్గింది కాబట్టి. గ్లాసు మందంగా ఉంటే మరిగే నీళ్లలో పెట్టకండి, పగులుతుంది.

లెక్చరర్ గారి విషయం. ఆయన మీద కోపం పెంచకండి. సిలబస్ పూర్తి చేయాలన్న ఒత్తిడిలో ఉన్నవాళ్లకు ఒక్కో ప్రశ్న బరువుగానే ఉంటుంది. కానీ "అవన్నీ నీకెందుకు" అన్న మాట సరైనది కాదని మీ అమ్మాయికి స్పష్టంగా చెప్పండి. తను అడిగింది తప్పేమోనన్న అనుమానం మిగలకూడదు. డౌట్లను ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకుని, క్లాసు మధ్యలో కాకుండా స్టాఫ్‌రూమ్‌లో అడగమనండి. అక్కడ అదే మాస్టారు తీరిగ్గా చెప్పొచ్చు.

ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) గురించి మీ భయం నాకు అర్థమైంది. ఆ పరీక్షలో టైమ్ తక్కువ, నిజమే. అయితే ఈ పాఠంలో అడిగే బిట్లు ఎక్కువగా వ్యాసార్థం రెట్టింపైతే చరమ వేగం ఎన్ని రెట్లు, చిన్న చుక్కలు ఎనిమిది కలిసి ఒక పెద్ద చుక్కయితే వేగం ఎంత, ఏ గ్రాఫ్ సరైనది అన్న తరహాలో ఉంటాయి. స్టోక్స్ లెక్కలో చరమ వేగం వ్యాసార్థం వర్గంతో పెరుగుతుందని, ఎనిమిది చుక్కలు కలిస్తే వ్యాసార్థం రెట్టింపే అవుతుందని అర్థమైన పిల్లకు నాలుగు రెట్లు అన్న జవాబు పెన్ను ఎత్తకుండానే తడుతుంది. ఒక చోట ఆగి అర్థం చేసుకున్న పాఠానికి రివిజన్‌లో పట్టే టైమ్ చాలా తక్కువ. అయితే ఒక డౌట్‌కు ఒక సాయంత్రం మించి పట్టనివ్వకండి. తేలకపోతే నోట్‌బుక్‌లో రాసి ముందుకు వెళ్లమనండి, కొన్నిటికి జవాబు తర్వాతి పాఠంలో దొరుకుతుంది.

బోర్డు పరీక్షలో రాసేటప్పుడు మూడు చిన్న బొమ్మలు గీయమనండి: వదిలిన క్షణం, మధ్యలో, చరమ వేగం చేరాక. మూడింట్లోనూ బరువు బాణం ఒకే పొడవు ఉండాలి, నిరోధం బాణం మాత్రం పెరుగుతూ రావాలి. మూడో బొమ్మ కింద "ఫలిత బలం సున్నా, త్వరణం సున్నా, వేగం స్థిరం" అని రాయాలి. "వేగం సున్నా" అని పొరపాటున కూడా రాయకూడదు.

ఇవన్నీ అయ్యాక తనకు నా తరఫున ఒక ప్రశ్న ఇవ్వండి. సోడా సీసాలో చిన్న బుడగ పైకి లేస్తుంది. దానికీ చరమ వేగం ఉంటుందా? ఉంటే దాని మీద మూడు బలాల బాణాలు ఏయే వైపు గీయాలి? ఎవరినీ అడగకుండా, పుస్తకం చూడకుండా గీయమనండి. బుడగ లోపలి గాలి బరువు చాలా తక్కువన్న ఒక్క సూచన మాత్రం ఇవ్వండి.